వెనుక సీటుపై ఇరుముడి

మా మేనల్లుడు అయ్యప్ప మాల వేసికొన్న ముప్పదియైదవ నాడు నన్నొక ప్రశ్న అడిగెను. మాల వేసికొన్నవానిని పేరు పెట్టి పిలువరాదు గనుక, నిన్న మొన్నటి వఱకు "ఒరేయ్" అనిన నోటితోనే నేను వానిని "స్వామీ" అనుచుంటిని. వాడును ఆ గౌరవమును కొంచెము సిగ్గుతోడనే స్వీకరించుచుండెను. "మావయ్యా, ఇరుముడిని బండి వెనకసీటు మీద కట్టీవొచ్చా? తప్పేటన్నా ఉందా?" అని వాడడిగినప్పుడు, అది తాళ్ళకును కొక్కెములకును సంబంధించిన చిన్న సందేహముగానే తోచినది. తీరా సమాధానము చెప్పబోవునప్పటికి, నా చదువంతయు ఆ మోటారుసైకిలు ప్రక్కన చేతులు కట్టుకొని నిలుచున్నట్లు కనబడెను.

41 దినముల మండలదీక్ష ముగియగనే అనకాపల్లినుండి శబరిమలకు మోటారుసైకిలుపై పోవలెనని వాని సంకల్పము. మా యూరి ప్రక్కనుండి పోవు జాతీయరహదారికి ప్రభుత్వమువారు 16వ సంఖ్య నిచ్చి యేండ్లు గడచినను మా నోట నది ఇంకను ఐదో నంబరు రోడ్డే. కశింకోట, ఎలమంచిలి, తుని దాటి అది మద్రాసు వఱకు కొనిపోవును. అచ్చటినుండి తమిళదేశము నడుమగా పోయి పడమటి కనుమల నెక్కవలెను. మొత్తము మీద వేయి కిలోమీటర్లు దాటిన దూరము. రైళ్ళుండగా ఈ కష్టమేల యని ఇంటివారడుగగా, "రైల్లో నిద్రపోతాను, బండి మీద నిద్రపోలేను కదా" అని వాడు చెప్పిన మాటలో నాకొక తపస్సు కనబడినది. మా యక్కకు మాత్రము ప్రమాదము కనబడినది.

ఇరుముడి యనగా రెండు అఱల మూట. ముందు ముడిలో నేతితో నింపిన కొబ్బరికాయ మొదలగు స్వామి సొత్తు. వెనుక ముడిలో బియ్యము, బెల్లము మొదలగు యాత్రికుని సొంత సంబారము. వెనుక ముడి దారిలో తఱుగుచు పోవును, ముందు ముడి చెక్కు చెదరక సన్నిధికి చేరును. ప్రారబ్ధము అనుభవముచేత కరగిపోవుననియు భక్తి కరగరాదనియు పెద్దలు దీనికొక అంతరార్థము చెప్పుదురు. గురుస్వామి శరణఘోషల నడుమ దానిని కట్టి శిష్యుని తలపై నుంచును. అది తలపై లేనిదే 18 మెట్లెక్కుటకు అర్హత లేదు.

ఇరుముడికి స్థానము తల. అయితే 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము ప్రకారము ద్విచక్రవాహనముపై పోవువాని తలపై నుండవలసినది హెల్మెట్టు. వ్రతమొకటి కోరుచున్నది, చట్టమొకటి కోరుచున్నది, మానవునకు దైవమిచ్చిన తల యొక్కటే. శాసనమునకు లోబడక తప్పదు గనుక ఇరుముడి తలనుండి దిగవలెను; దిగినది ఎక్కడనో కూర్చుండవలెను; మోటారుసైకిలుపై కూర్చుండుటకు ఉన్న చోటెల్ల మనుష్యుడు కూర్చుండునదే. "మనం కూకునే చోట స్వామిని కూకోబెడతావా?" అని మా యక్క అన్నది. ఆమె మాటలో ఛాందసము కొంత యున్నదేమో కాని, మనము సమర్పించు ప్రతి వస్తువును ఏ చోట నుంచితిమి, ఏ చేతితో నందుకొంటిమి అని విచారించు మన సంప్రదాయములో ఆ మాట త్రోసివేయదగినది కాదు. వాని గురుస్వామి నడుగగా ఆయన, "పంపానదీ తీరాన కూడా కట్టు నింపుతారు స్వామీ, సరుకులు సామానులాగ పట్టుకెళ్ళి అక్కడే కట్టించుకోండి" అని సులభమగు త్రోవ చూపెను.

ఈ సులభమైన త్రోవయే నన్ను మఱింత కష్టపెట్టినది. అదే కొబ్బరికాయ, అదే నేయి, అదే మా అనకాపల్లి బెల్లము. గోనెసంచిలో వేసి తాటితో బిగించినచో సామాను. గురుస్వామి చేతిలో మూడు చుట్లు తిరిగి ముడి పడినచో ఇరుముడి. వస్తువులో నేమియు మారలేదు, బరువు ఒక తులమైనను పెరుగలేదు. మారినదెల్ల కట్టు. ఒక కట్టు పదార్థమును పవిత్రము చేయగలిగినచో, మన శాస్త్రములన్నియు కట్టును ఎందులకంత నిందించినవి?

నిందించినవనుట సత్యము. మన తత్త్వశాస్త్రములకు తాడనిన పడదు. సంసారము బంధము, దానినుండి విడుదల మోక్షము. శైవులు జీవుని పశువనిరి, వానిని కట్టిన దానిని పాశమనిరి. సాంఖ్యులు ప్రకృతిని మూడు గుణములుగా విభజించిరి; గుణమనగా త్రాటిలోని పేట యని అర్థమున్నది గనుక, సత్త్వరజస్తమస్సులు మూడు పేటలుగా పేనుకొని మనలను బిగించుచున్నవని తేలినది. ముండకోపనిషత్తు హృదయములోని ముడి తెగుటను గూర్చి చెప్పినది గాని, ఎచ్చటనైనను ముడి వేయుటను గూర్చి మెచ్చుకొనలేదు. అద్వైతులకు తాడు మిక్కిలి ప్రియమైన దృష్టాంతమే, కాని అది తాడుగా కాక పాముగా కనబడినందువలన మాత్రమే వారికి పనికి వచ్చినది. మసకచీకటిలో దారిమీద తాడు పడియున్నది, బాటసారి పామని భ్రమించి హడలిపోయెను, దీపము తెచ్చి చూడగా తాడే—ఇంతవఱకు ప్రతి వేదాంతియు చెప్పును. ఆ తాడు దారిమీద కేల వచ్చినది? ఎవని మూటనుండి జారి పడినది? ఆ మూట యేమైనది? ఈ సంగతి వేయి సంవత్సరములకు పైగా ఒక్కరైనను విచారింపలేదు.

మన తెలుగు మాత్రము ఈ విషయములో శాస్త్రములతో ఏకీభవింపలేదని నాకు తోచును. ఇల్లు కట్టుదుము, గట్టు కట్టుదుము, తాళి కట్టుదుము, పన్ను కట్టుదుము, పద్యమునకు బాణి కట్టుదుము. ఆపద వచ్చినపుడు రూపాయి బిళ్ళను పసుపు గుడ్డలో ముడివేసి వేంకటేశ్వరునకు ముడుపు కట్టుదుము. మన జీవితములో నిలుచునదెల్ల కట్టుటచేతనే నిలుచుచున్నది. నిలువనిదానిని "కట్టుబాటు లేనిది" అని యీసడింతుము. పాశ్చాత్యులకును ఈ తగవు తప్పలేదు. వారి భాషలలో మతమునకు వాచకమైన లాటిను పదము 'మఱల చదువుట' అను ధాతువునుండి వచ్చినదని సిసిరో చెప్పగా, కాదు, 'మఱల కట్టుట' నుండి వచ్చినదని కొన్ని శతాబ్దముల తరువాత లాక్టాంటియసు అనెను. భాషావేత్తలు ఎవరి పక్షము వహింతురో వహింపనిండు. బెల్లపు మార్కెట్టు గల ఊరివాడను గనుక నేను రెండవవాని పక్షమే.

ఆ మార్కెట్టు సంగతి చెప్పక తప్పదు. ముడి యనునది విద్య యని నేను తెలిసికొన్నది అచ్చటనే. బాల్యములో మా తండ్రిగారి వెంట పోయినప్పుడెల్ల, దిమ్మలు లారీకెత్తిన పిమ్మట కళాసీలు పట్టా కప్పి తాడు బిగించుటను నోరు తెఱచుకొని చూచెడివాడను. ఒకడు పైనుండి తాడు విసరును. క్రిందివాడు దానిని లారీ ప్రక్కనున్న కొక్కెమునకు తగిలించి, నడుమ నొక ఉచ్చు చేసి, ఆ యుచ్చులోనుండి కొసను మఱల క్రిందికి లాగి, దేహమంతయు వెనుకకు వాల్చి బిగించును. వాని బలమునకు రెట్టింపు బిగువు ఆ యుచ్చు ఇచ్చుచున్నదని అప్పటికి నాకు తెలియదు. నన్నాశ్చర్యపఱచిన దింకొకటి: రాజమహేంద్రవరము గోతులన్నిటిని దాటినను సడలని ఆ ముడి, దింపునాడు కొసను ఒక్క లాగు లాగినచో నీటిలో కలకండ వలె విడిపోవును. "పీటముడి ఏసినోడు పనోడు కాదు బాబూ, ఇప్పలేని ముడి ఎవుడైనా ఏస్తాడు" అని ఒక ముసలి కళాసీ అనిన మాటకు సమానమైన వాక్యము నాకు తరువాతి చదువులో మిక్కిలి అరుదుగా కనబడినది.

కఠోపనిషత్తు మన దేహమును రథమనినది. ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు దారులు. ఈ యుపమానమును విద్యార్థిదశనుండి వినుచునే యున్నాను. కాని మా మేనల్లుని ప్రశ్న తరువాత మఱల చదివినప్పుడు, ఆ రథములో సామాను లేదని గమనించి ఉలికిపడితిని. అంత దూరము పోవు రథికుడు మార్చుకొనుటకొక వస్త్రమైనను పెట్టుకొనలేదా? ఛాందోగ్యములోని రైక్వుడు బండి క్రింద కూర్చుండి ఒడలు గోకికొనుచు బ్రహ్మవిద్య తెలిసినవాడై యుండెను. ఆ బండిమీద నేమున్నదో శ్రుతి చెప్పలేదు. ఋషుల వాహనములన్నియు ఖాళీగానే పోయినవి కాబోలు. మన వాహనములు ఖాళీగా పోవు. అందుచేత మనకు కావలసిన వేదాంతము, గుఱ్ఱములను గూర్చియు పగ్గములను గూర్చియు మాత్రమే కాక, వెనుక కట్టిన మూటను గూర్చి కూడ చెప్పవలెను.

నా మూట కథ చెప్పెదను. ఇరువది యేండ్లకు పూర్వము అన్నవరములో వ్రతము చేసికొనుటకై ఇంటివారిని బస్సులో ముందు పంపి, ఆఫీసు పని ముగించుకొని నేను బండిపై బయలుదేరితిని. వెనుక సీటుపై నొక సంచి. అందులో పట్టుపంచెల చాపు, తువ్వాలు, నా కండ్లజోడు, గుడ్డలో చుట్టిన కిలో బెల్లము. దానిని, రెండు కొసలయందును ఇనుప కొక్కెములున్న రబ్బరు తాళ్ళు రెంటితో అడ్డముగా బిగించితిని. బిగించి, అందఱును చేయునట్లు సంచిని ఒక్కమారు చేతితో తట్టితిని. ఎలమంచిలి దాటిన తరువాత ఒకచోట టీ త్రాగుటకు ఆగి వెనుకకు తిరిగి చూతును గదా, సంచి లేదు. తాళ్ళు మాత్రమున్నవి. కొక్కెములు పెట్టినచోటనే పెట్టినట్లున్నవి, తాళ్ళు సీటుమీద తీగెవలె బిగువుగా నున్నవి. వేలితో మీటినచో మ్రోగునట్లున్నవి. అవి దేనిని పట్టుకొన్నవో ఆ వస్తువు లేదు, పట్టు మాత్రము రవ్వంతయైనను సడలలేదు.

చాలసేపు ఆ తాళ్ళను చూచుచు నిలుచుంటిని. వెనుకకు పోయి ఎలమంచిలి వఱకు వెదకితిని, దొరకలేదు. పోయినదానిలో ఖరీదైన వస్తువేదియు లేదు. అన్నవరములో ఎరవు పంచె కట్టుకొని వ్రతమునకు కూర్చుంటిని. పురోహితుడు కథ చెప్పుచుండగా, సాధువను వర్తకుని ఓడలోని ధనమంతయు ఆకులలములైన ఘట్టము వచ్చినప్పుడు నలుగురును తలలూపిరి. నా తల మాత్రము సంచి జారిన మలుపు వెదకుచుండెను. తిరుగు ప్రయాణములో నేను ప్రతి నిమిషమును అద్దములోనికి చూచుచుంటిని. వెనుక ఏమియు లేనప్పుడు ఎందులకు చూచుచుంటినో నేటికిని చెప్పలేను. మరణించినవానిని విడువని మమకారము, ఉద్యోగము వదలినను వదలని అధికారదర్పము, కోరిక తీరి యేండ్లయినను ఆఱని ఆశ, ఇట్టివాటిని గూర్చి పెద్దలు వాసన యను మాట వాడుదురు. ఆ మాటకు అర్థము నాకు గురుముఖమున కంటె ఆ ఖాళీ సీటుమీది రబ్బరు తాళ్ళవలననే స్పష్టముగా తెలిసినది.

కారణమును ఒక పంక్చరు షాపువాడు మఱునాడు చెప్పెను. "రబ్బరు లాగుతాది గానండి, పట్టుకోదు" అని వాడనెను. గోతిలో చక్రము పడి లేచినప్పుడెల్ల మూట పైకెగురును; రబ్బరు దానితోపాటు సాగి దారి ఇచ్చును; మూట దిగునప్పుడు ఒక వెండ్రుకవాసి ప్రక్కకు దిగును. నూఱు గోతులలో నూఱు వెండ్రుకవాసులు జరిగి, నూటయొకటవ గోతిలో అది తాటిక్రిందినుండి జారిపోవును. తాడు మాత్రము వెంటనే ముడుచుకొని యథాస్థానమునకు వచ్చును. సాగని తాడుగాని, బకిలుతో బిగించు నైలాను పట్టీగాని ఎగురనీయదు గనుక జరుగనీయదు. ఆశయు లాగునే కాని పట్టుకొనదని నేను లోలోపల అనుకొంటిని; షాపువానితో మాత్రము, "అయితే పాత సైకిలు ట్యూబు బద్దలు కూడ పనికిరావా?" అని అడిగితిని. "పాలకేన్లకైతే పర్లేదండి, కేను బరువుకి అదే కూకుంటాది" అని వాడు సమాధానమిచ్చెను.

గీత తొమ్మిదవ అధ్యాయములో భగవానుడు, తనను తప్ప అన్యము చింతింపని వారి యోగక్షేమములను తానే మోయుదునని మాట ఇచ్చెను. జీవిత బీమా సంస్థ వారు ఆ మాటనే తమ ముద్రికలో వేసికొనిరి గనుక దానిని వినని తెలుగువాడు లేడు. శంకరాచార్యులు అచ్చట యోగమునకు పొందనిదానిని పొందుట యనియు, క్షేమమునకు పొందినదానిని కాపాడుకొనుట యనియు అర్థము చెప్పిరి. ఈ రెంటిలో యోగమును గూర్చియే లోకములో కోలాహలము. క్షేమము నెవరును పట్టించుకొనరు. కాని మూట కట్టుట క్షేమము. పొందుటకు అదృష్టము చాలును, నిలుపుకొనుటకు తాడు కావలెను. ఇంకొక విశేషమేమనగా, భగవానుడు 'ఇత్తును' అనలేదు, 'మోయుదును' అనెను. ఇచ్చువాడు ఇచ్చి పోవును. మోయువాడు దారి పొడుగునను ఉండవలెను. అట్లయిన నేను రబ్బరు తాడు కట్టి పరధ్యానముగా పోయిన నాడు స్వామి ఏమి చేయుచుండెనని అడుగువాడుండవచ్చును. ఆయన మోయుచునే యుండియుండును. సరిగా ఎత్తుకొనుటకు నేను పట్టు ఇయ్యలేదు.

దూరప్రయాణములలో ఆరితేరిన కుఱ్ఱవాండ్రు మా మేనల్లునికి నేర్పిన విధులు కొన్ని వాడు నాకు చెప్పగా, అవి నాకు యమనియమముల వలె వినబడినవి. బరువైనది క్రిందుగాను, రెండు చక్రముల నడుమకు వీలైనంత దగ్గఱగాను ఉండవలెను. వెనుక ఇరుసునకు ఆవల వ్రేలాడు బరువు ముందు చక్రమును తేలిక చేసి, హ్యాండిలును వణకించును. ఇరుప్రక్కల సంచులు సమతూకముగా ఉండవలెను. పట్టీ కొసలు వ్రేలాడరాదు, చెయినుగాని చక్రముగాని లాగుకొన్నచో మనుష్యుడే క్రింద పడును. సంచి సైలెన్సరునకు తగులరాదు. ఇరువది ముప్పది కిలోమీటర్లు పోయిన పిమ్మట ఒకసారి ఆగి మఱల బిగింపవలెను, ఏలయనగా మూట కుదుటపడి క్రుంగును, కట్టినప్పటి బిగువు అబద్ధమగును. మొదటి సంకల్పమును కొంత దూరము నడచిన తరువాత మఱల చేయని వ్రతములన్నియు సడలిపోయిన రహస్య మిదియే.

అన్నిటికంటె నాకు నచ్చినది వారి పరీక్ష. కట్టుట ముగిసిన తరువాత సంచిని చేతితో తట్టి తృప్తిపడరాదు. రెండు చేతులతో పట్టుకొని గట్టిగా ఊపవలెను. సంచి యొక్కటియే ఊగినచో కట్టు చాలలేదు. సంచిని ఊపగా బండి యంతయు ఊగవలెను. అప్పుడు బండి వేఱు, బరువు వేఱు కాదు. మలుపులో బండి వాలినచో బరువు దానితో వాలును, నడుపువానికి వెనుక నొకటి యున్నదను స్మృతియే పోవును. సడలిన మూట మనలను వెనుకకు చూడుమని పీడించును, బిగిసిన మూట మనలను దారి చూడనిచ్చును. ఈ లెక్కన చూచినచో విరక్తుడనగా ఏమియు లేనివాడా, ఉన్నది కుదురుగా కట్టుకొని మఱచినవాడా? నేను రెండవవానివైపు మొగ్గుచున్నాననుట పాఠకులు గ్రహించియే యుందురు. కాని ఇందులో నొక మోసము కలదు. దానిని దాచి వాదము గెలుచుట న్యాయము కాదు.

మా యూరికి కొలది దూరములోనే శంకరమున్నది. సంఘారామమను మాటయే శంకరమైనదందురు. అచ్చటి బొజ్జన్నకొండ, లింగాలకొండలపై కొండరాతిలో తొలిచిన గుహలును స్తూపములును గలవు. 1906 మొదలుకొని అలెగ్జాండర్ రీ త్రవ్వించి వెలికి తెచ్చిన ఆ విహారములో నాలుగవ శతాబ్దము నుండి తొమ్మిదవ శతాబ్దము వఱకు భిక్షువులు వసించిరి. భిక్షువుల సామాను ఎనిమిది వస్తువులు: మూడు చీవరములు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నీరు వడియగట్టు గుడ్డ, నడుమునకు కట్టు దట్టి. ఎనిమిదింటిలో నొకటి కట్టుకొనుటకే పుట్టిన వస్తువనుట గమనింపదగినది. అంతియే కాదు, వినయపిటకములోని చుల్లవగ్గ, పాత్ర పగులకుండ పెట్టుకొనుటకొక సంచిని, ఆ సంచిని భుజమునకు తగిలించుకొనుటకొక పట్టీని, కట్టుటకు దారమును బుద్ధుడే అనుమతించినట్లు చెప్పుచున్నది. సర్వమును త్యజింపుమనిన మహానుభావుడు మిగిలిన మట్టిపాత్రకు తాడు కట్టుకొనుమనెను. ఉన్నదానిని పగులగొట్టుకొనుట వైరాగ్యము కాదని ఆయన ఉద్దేశము కాబోలు.

అయితే అదే శంకరము త్రవ్వకములలో సముద్రగుప్తుని బంగారు నాణెము దొరికినది. చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణెములు దొరికినవి. ఎనిమిది వస్తువుల పట్టికలో నాణెము లేదు. ఎవరో యాత్రికుడు ముడుపుగా తెచ్చియుండును, ఎవరో దాచియుండును. సంచియు పట్టీయు అమరిన తరువాత అందులోనికి తొమ్మిదవ వస్తువు చేరుట మనుష్యస్వభావము. మా మేనల్లుడే ఇందులకు సాక్షి. మొదట వానికి భుజపుసంచి యొక్కటియే చాలుననెను. బండికి ఇరుప్రక్కల ఇనుపచట్రములు బిగించి పెట్టెలు తగిలించిన నాటినుండి, పంక్చరు సామగ్రి, వానకోటు, రెండు దుప్పట్లు, స్టవ్వు, దేవుడెఱుగు, ఇంకేమేమో వచ్చి చేరినవి. బాగుగా కట్టనేర్చినవాడు ఎక్కువ కట్టుకొనును. బిగువుగా కట్టిన బరువు మఱపునకు వచ్చును గనుక ఎంత మోయుచున్నాడో వానికే తెలియదు. రబ్బరు తాడు నా సంచిని పోగొట్టినది గాని నన్ను మోసగింపలేదు. నైలాను పట్టీ సంచిని నిలుపును, కాని మనుష్యుని మెల్లగా మోసగించును. దీనికి ఉపాయము నాకు తోచలేదు.

ఇరుముడి సంగతికి వత్తును. పంపా తీరమున కట్టించుకొనుమనిన గురుస్వామి సలహాను మా వాడు ఒప్పుకొనలేదు. తన గురుస్వామి చేతితో, తన ఊరిలో, తల్లి చూచుచుండగా కట్టు పడవలెనని వాని పట్టుదల. చివరకు దారి వానికే తోచెను. దూరప్రయాణీకులు పెట్రోలు టాంకుపై చిన్న సంచి నొకటి తగిలించుకొందురు. టాంకుపై ఎవరును కూర్చుండరు. అచ్చట కొత్త తువ్వాలు పఱచి ఇరుముడి నుంచి, నూలుపట్టీతో కట్టి చూచెను. హ్యాండిలును ఇటు చివరకు, అటు చివరకు త్రిప్పి, మూట తగులుట లేదని నిశ్చయించుకొనెను. బరువునకు బండిలో అంతకు మించిన చోటు లేదని యంత్రశాస్త్రము తెలిసినవారనిరి. స్వామి కండ్లయెదుట నుండును గనుక మా యక్కయు ఒప్పుకొనెను. ఆచారమును యంత్రమును ఒకే చోటికి వ్రేలు చూపుట నా అనుభవములో అంత తఱచుగా జరుగలేదు. ఒక్కటే చిక్కు: పెట్రోలు పోయించుకొనునప్పుడెల్ల పైపట్టీ విప్పి మఱల కట్టవలెను. "జారుముడి ఏస్తాను మావయ్యా. ఇప్పినప్పుడోసారి శరణం, కట్టినప్పుడోసారి శరణం" అని వాడనెను. ముందు స్వామి సొత్తు, వెనుక సొంత సామాను, నడుమ మనుష్యుడు. వాని తల్లి బండిచుట్టు ఒకసారి తిరిగి చూచి, "ఇదే ఒక ఇరుముడిలా ఉంది కదరా" అని, స్వామి అనవలసినచోట 'రా' అన్నందుకు నాలుక కఱచుకొనెను.

బయలుదేరునాడు తెల్లవాఱుజామున గుడినుండి వచ్చి, ఇంటి ముందు దీపపు వెలుతురులో వాడు వెనుకసీటుపై సంచిని కట్టుచుండెను. పట్టీని క్రిందినుండి త్రిప్పి తెచ్చి బకిలులో దూర్పబోగా అందలేదు. మఱల సర్ది లాగెను, అందలేదు. రెండు వ్రేళ్ళు తక్కువ. భాగవతములో యశోద చిన్నికృష్ణుని ఱోటికి కట్టబోగా తాడెప్పుడును రెండు అంగుళములే తక్కువ వచ్చిన ఘట్టము నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ రెంటిలో నొకటి మన ప్రయత్నమనియు, రెండవది ఆయన దయ యనియు వ్యాఖ్యాతలు కొందఱు చెప్పుదురని వానికి చెప్పబోయితిని. యశోద తాటికి తాడు ముడివేసి, ఇంటిలోని తాళ్ళన్నియు తెచ్చెనే కాని బాలుని సన్నగిలజేయ దలంపలేదు. "ఇంకొక పట్టీ తెత్తునా?" అని నేననుచుండగనే, మా వాడు సంచి మూతి విప్పి, పైనున్న రెండవ దుప్పటిని లాగి నా చేతిలో పెట్టి, మఱల పట్టీని లాగెను. ఈమారు అందినది, అందుటయే కాక నాలుగు వ్రేళ్ళు మిగిలెను. మిగిలిన కొసను మడచి పట్టీక్రింద దోపి, సంచిని రెండు చేతులతో పట్టుకొని ఊపెను. బండి ఊగెను. టాంకుపైనున్న మూట ఊగలేదు గాని, దానికి కట్టిన చిన్న గంట మ్రోగెను.

వాడు పోయి రహదారి మలుపు తిరిగిన తరువాత కూడ కొంతసేపు ఆ బండి శబ్దము వినబడినది. మార్గశిరపు చలి ఇంకను విడువలేదు. వాకిట నిలుచుండి చేతిలోని దుప్పటిని చూచి, కప్పుకొని లోనికి వచ్చితిని.